గిన్నె నిండుగా ఉండవలెను

నారాయణఖేడ్ పశువుల దవాఖానాకు నాకు బదిలీ అయింది ఆజూరు నెలలో, అంటే మన లెక్కన అక్టోబరులో. నిజాం పాలన చివరి సంవత్సరాలు, యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. నా హోదా వెటర్నరీ అసిస్టెంట్. జనం మాత్రం పాత అలవాటు కొద్దీ సలోత్రి అనేవాళ్ళు. ఎడ్లకు, బర్రెలకు టీకాలు వేయడం, పడ్డ పశువును కోసి చావుకు కారణం రాయడం, నెలలో సగం రోజులు ఊళ్ళు తిరగడం నా పని. పక్షుల గురించి నేను చదివింది కోళ్ళ రోగాలపై ఒక్క అధ్యాయం. అది కూడా పరీక్ష కోసం చదివిందే.

వచ్చిన రెండో నెలలో పేష్కార్ రంగారావు కబురు పెట్టాడు. పేష్కార్ అంటే కచేరీలో అధికారి ముందు కాగితాలు పెట్టే ఉద్యోగి. ఆయన అప్పటికే పింఛను తీసుకున్నా కచేరీ దర్జా మాత్రం వదల్లేదు. ఆయన భార్య సీతాబాయి హైదరాబాదు నుంచి ఆరు జతల ఆస్ట్రేలియా చిలుకలు తెప్పించింది. ఇప్పుడు అందరూ లవ్ బర్డ్స్ అంటున్న పిడికెడు పిట్టలు అవే. వరండాలో పెద్ద జాలీ పంజరం. అందులో ఒక పిట్ట చచ్చి పడి ఉంది. మిగిలినవి కొమ్మ మీదికి ఎగరలేక అడుగున కూర్చున్నాయి.

ఏం పెడుతున్నారని అడిగాను. నానబెట్టిన శనగలు, పచ్చిమిరపకాయ, నెయ్యి రాసిన రొట్టె, పైగా రోజూ బాదం పప్పు. చిలుక అంటే అదే తిండి అని ఆమె నమ్మకం. పిట్ట ఎంత చిన్నదైనా పెట్టే చేయి పెద్దింటిది కదా! చచ్చినదాన్ని కోసి చూస్తే ఒళ్ళంతా కొవ్వు, కాలేయం పసుపు పచ్చగా ఉంది.

ఆ రోజు నేను ఒక పథ్యం పట్టీ రాసి వరండా గోడకు అంటించాను. ముఖ్యమైన తిండి కొర్రలు, సామలు. వారానికి మూడు సార్లు కడిగిన తోటకూర గానీ మెంతికూర గానీ. పచ్చిగింజ పట్టిన గడ్డి వెన్నులు దొరికితే అవి. సున్నం కోసం ఉడికించి ఎండబెట్టి నూరిన కోడిగుడ్డు పెంకు. రోజూ కొత్త నీళ్ళు. బాదం, నెయ్యి, ఉప్పు తగిలిన వంట బంద్. తిండి ఒక్కసారిగా మార్చితే పిట్టలు ముట్టవు కాబట్టి, వారం రోజులు పాతది తగ్గిస్తూ కొత్తది కలపాలి. పట్టీలో ఇక్కడి దాకా నేను నేటికీ సిగ్గుపడవలసింది ఏమీ లేదు. చివరన ఇంకో వాక్యం చేర్చాను: గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండవలెను, తగ్గినచో మేత వేయువారిదే జవాబుదారీ.

అది మా శాఖలో ఊతపదం. సర్కారీ ఎద్దుల కొట్టాలు తనిఖీ చేసేటప్పుడు తొట్టి నిండుగా ఉందా లేదా అన్నదే మొదట చూసేవాళ్ళం. ఎద్దుకు రాసిన మాటనే పిట్టకూ రాసేశాను.

పంజరం పని చూసేది ఎస్తేరమ్మ. ఊరి చివర మిషన్ వాడలో ఉండే నడివయసు మనిషి, భర్త లేడు. పంట రోజుల్లో కళ్ళాల్లో చెరగడానికి, తూర్పారబట్టడానికి వెళ్ళేది. చాట పట్టుకుంటే ఆమె చేతికి తిరుగులేదని ఊళ్ళో పేరు. చెరిగేవాళ్ళ ముందు జనం ధాన్యం రాశులు వదిలేసి వెళ్తారు. చేతివాటం ఉందన్న మాట ఒక్కసారి పుడితే ఇక ఏ కళ్ళంలోకీ రానివ్వరు.

తరువాత నేను టీకాల కోసం కంగ్టి వైపు వెళ్ళి మూడు వారాలు అక్కడే ఉండిపోయాను. తిరిగి వచ్చేసరికి పేష్కార్ మనిషి దవాఖానా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ముందు రోజు మూడు పిట్టలు చచ్చాయట. వెళ్ళి చూస్తే బతికినవి ఈకలు ఉబ్బించుకుని కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఎస్తేరమ్మ గడప బయట నేల మీద కూర్చుని ఉంది.

సీతాబాయి గిన్నె చూపించింది. "చూడుండ్రి డాక్టర్ సాబ్, నిండ గింజలే ఉన్నయ్. తిండికి ఏం తక్కువ లేదు. మొదట్ల గింజలు తీస్తున్నదని నేను కనిపెట్టిన. గా కోపంతోని గీమె వాటికి ఏందో పెట్టింది."

ఆమె చెప్పింది ఇది. నేను వెళ్ళిన కొత్తలో గిన్నె గంటగంటకూ తగ్గుతుండేది. సామాన్ల గది తాళం సీతాబాయి దగ్గరే ఉండేది కాబట్టి గింజలు మళ్ళీ మళ్ళీ ఆమే కొలిచి ఇవ్వాలి. ఇంతింత పిట్టలకు ఇన్ని గింజలా అని అనుమానం వచ్చి, పక్కింటివాళ్ళు వింటుండగానే ఎస్తేరమ్మను దొంగ అన్నది. ఆ రోజు నుంచి గిన్నె తగ్గలేదు. అంటే దొంగతనం నిజమే అని ఆమె తీర్మానం.

పేష్కార్ నా ముందు కాగితం పెట్టాడు. తిండి లోపం లేదని నేను రాసిస్తే ఎస్తేరమ్మను ఊళ్ళో నేరాలు విచారించే పోలీసు పటేల్‌కు అప్పగిస్తాడు. నేను గిన్నె వైపు చూశాను. అంచుల దాకా ఉంది. "ఆహారము సమృద్ధిగా ఉన్నది, మరణకారణము పరీక్షపై తెలియును" అని రాసి సంతకం చేశాను. చచ్చిన పిట్టలను గుడ్డలో చుట్టుకుని దవాఖానాకు వచ్చాను.

మొదటిదాన్ని కోయకముందే చేతికి తెలిసింది. రొమ్ము ఎముక మీద కండ లేదు. మెడ కింద గింజలు నిలవ ఉండే సంచి ఖాళీ. కందనకాయలో నాలుగు ఇసుక రేణువులు. మూడింటిలోనూ అంతే. రోగం గానీ విషం గానీ ఆనవాలు లేదు. నిండిన గిన్నె పక్కన పిట్టలు ఆకలితో చచ్చాయి. నాకు అర్థం కాలేదు, భయం మాత్రం వేసింది. నా సంతకం అక్కడ ఉంది.

వెంటనే తిరిగి వెళ్ళాను. ఎస్తేరమ్మ ఇంకా అక్కడే ఉంది. పటేల్ కోసం మనిషిని పంపారట. గిన్నెలో ఏముందని ఆమెనే అడిగాను. ఆమె లేచి గిన్నె తీసుకుని, అరచేయి అడ్డం పెట్టి ఒక్క ఊపున ఊదింది. పొట్టు వరండా అంతా లేచింది. గిన్నె అడుగున లెక్కపెట్టదగినన్ని కొర్రలు మిగిలాయి.

"పిట్ట గింజ ఒలుచుకోని తింటది దొరా, పొట్టు గిన్నెలనే ఇడుస్తది. దినాం నాలుగుమాట్ల ఊదుతుంటి. ఊదితె గిన్నె తక్కువైతది. తక్కువైతె దొంగ అన్నరు. మీరేమొ నిండ ఉండాలె, లేకుంటె జవాబు నాదే అని రాస్తిరి. ఇగ ఊదుడు బంద్ చేసిన. పొద్దుగాల పైన ఇంత చల్లుతున్న. నేనేం చెయ్యాలె, చెప్పుండ్రి."

మరి నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీరు నా దిక్కు చూసిండ్రా?"

నేను పేష్కార్‌ను కాగితం వెనక్కి ఇమ్మన్నాను. సర్కారీ సంతకం పడ్డాక కొట్టివేత బాగుండదని ఆయన సణిగాడు. ఆ మాటా నిజమే, కొట్టివేతకు పైనుంచి సంజాయిషీ అడుగుతారు. అయినా పాత వాక్యం కొట్టేసి కింద రాశాను: పిట్టలు ఆకలితో చనిపోయినవి, కారణము నేను వ్రాసిన నిబంధన, మేత వేసిన మనిషి తప్పు లేదు. దాని కింద రెండో సంతకం చేశాను.

సీతాబాయి ఆ పొట్టు కొంత చేతిలోకి తీసుకుని చూసి, ఎస్తేరమ్మను రేపటి నుంచి పనికి రమ్మంది. ఎస్తేరమ్మ రానన్నది. "దొంగ అన్నది నలుగురు ఇన్నరు. కాదన్నది గూడ నలుగురు ఇనాలె," అన్నది. నేను పక్కిళ్ళ వాళ్ళను పిలిపించి, ఆ కాగితం గట్టిగా చదివాను. అప్పుడు కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. ఆ ఏడు జొన్న కళ్ళాల్లో ఆమె చెరగడం నేనే చూశాను. పంజరం పని సీతాబాయి స్వయంగా చేసుకుంది. మిగిలిన పిట్టల్లో ఎక్కువ భాగం కోలుకున్నాయి.

సంజాయిషీ అడుగుతూ పైనుంచి కాగితం వచ్చింది, ఇచ్చాను. పట్టీలో చివరి వాక్యం తీసేసి, రోజుకు నాలుగు సార్లు పొట్టు ఊది, మిగిలిన గింజ చూసి మేత వేయాలని మార్చాను. తరువాత పనిచేసినన్నాళ్ళూ ఏ కొట్టానికి వెళ్ళినా మేత వేసేవాళ్ళతో మాట్లాడాకే పశువు దగ్గరికి వెళ్ళాను. రోగికి నోరు లేకపోవడమే మా వృత్తిలో కష్టమని పశువైద్యులం తరచు చెప్పుకుంటాం. ఆ ఇంట్లో నోరున్న మనిషి గడప దగ్గరే కూర్చుని ఉంటే, నేను అడగలేదు.