బావ్‌జూ అడిగిన గది

జియెన్ బావ్‌జూ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. ఆ సంగతి ఆమెకు రోజూ గుర్తు చేసేది ఇంట్లో వాషింగ్ మెషీనే. పైనుంచి మూత తెరిచే రకం అది. అడుగున అతుక్కుపోయిన మేజోళ్లు అందుకోవాలంటే మునివేళ్ల మీద లేచి, అంచుకు పొట్ట ఆనించి, సగం మనిషి లోపలికి వేలాడాలి. ఆ అవస్థ పడలేక వంటింట్లోంచి పొడుగాటి వెదురు పటకారు ఒకటి తెచ్చి మెషీను పక్కన మేకుకు తగిలించుకుంది. చేపను పట్టినట్టు ఒక్కొక్క మేజోడునీ పట్టి పైకి లాగేది.

మెషీను ఉన్నది వెనక బాల్కనీలో. దాని పక్కనే కాలర్లూ పాంటు అంచులూ రుద్దడానికి గీతలు చెక్కిన రాతి తొట్టి. అది కట్టిన మేస్త్రీ ఎవరో గానీ, కూర్చునేవాళ్లకు ఎత్తుగా, నిలబడేవాళ్లకు పల్లంగా కట్టి తన దారిన తాను పోయాడు. ఎదురుగా కొండ. గాలి రాదు, ఎండ రాదు, గోడకు పాచి మాత్రం వస్తుంది. అందుకని ఉతికిన బట్టలన్నీ బకెట్లో వేసుకుని డాబా మీదికి మోయాలి. మూడో అంతస్తులోని వాళ్లింటి నుంచి డాబాకు ముప్ఫై ఎనిమిది మెట్లు. చివరి పదీ ఇనుప మెట్లు.

మోశాక ఆరతాయా అంటే, తైవాన్ రేవుపట్నం కీలుంగ్‌లో ఆ మాట ఎవరూ గట్టిగా చెప్పలేరు. అక్టోబరులో ఈశాన్యపు గాలి మొదలైతే మళ్లీ వసంతం దాకా సముద్రం మీదనుంచి జల్లు వస్తూనే ఉంటుంది. చినుకు పడగానే చేతిలో ఉన్న పని వదిలేసి పైకి పరిగెత్తడం, తెరిపి ఇవ్వగానే మళ్లీ ఎక్కడం. పెళ్లయిన ముప్ఫై ఒక్క ఏళ్లూ బావ్‌జూ ఇదే చేసింది. ఇదే కాదు, అందులో ఇరవై ఆరేళ్లు రేవు దగ్గరి లాండ్రీలో ఓడల దుప్పట్లూ తలగడ గలీబులూ ఉతికింది. పగలు అక్కడ ఉతికి, సాయంత్రం ఇంటికొచ్చి ఉతికేది. ఉద్యోగం మానేసి మూడేళ్లయినా ఇంటి ఉతుకుడుకు విరమణ లేదు.

ఆమె భర్త తియెన్‌లాయ్ రేవులో ఓడల్ని లాగే టగ్గు పడవ ఇంజను మెకానిక్కుగా చేసి పదవీ విరమణ పొందాడు. మంచివాడే. తాగుడు లేదు, అరుపుల్లేవు. ఆయనకున్న పిచ్చల్లా చేపలు పట్టడం. బాల్కనీని ఆనుకుని ఉన్న చిన్న గది నిండా ఆయన సరంజామాయే: పంతొమ్మిది గాలపు కర్రలు, మూడు ఐసు పెట్టెలు, చిరిగిన వలలు, ఏ పడవదో తెలియని ఇత్తడి దీపం. గదికి రెండువైపులా కిటికీలున్నాయి. ఆ కిటికీలు తెరవాలన్నా అడ్డంగా ఉన్న సామాను మీంచి పాకాలి.

నవంబరులో ఒక మధ్యాహ్నం బొంత గలీబు తడిపి, పిండి, భుజాన వేసుకుని బావ్‌జూ డాబాకు ఎక్కింది. ఇనుప మెట్ల మీద గలీబు అంచు కాలి కింద పడింది. ఆమె ఐదు మెట్లు జారి కుడిచెయ్యి ఆనించి పడింది. మణికట్టు ఎముక విరిగింది. డాక్టరు ఆరువారాలకు కట్టు వేసి, ఆ చేత్తో చెంచా కూడా ఎత్తొద్దన్నాడు.

"బట్టల సంగతేంటి?" అంది ఆమె ఆస్పత్రి మెట్లు దిగుతూనే.

"నేను లేనా? మెషీనేగా ఉతికేది. మీట నొక్కడం నాకు రాదా? పదిహేను వందల గుర్రాల ఇంజను నడిపినవాణ్ణి" అన్నాడు తియెన్‌లాయ్.

గుర్రాల ఇంజను నడిపిన మనిషి మొదటి రోజే కూతురు కొనిచ్చిన ఉన్ని స్వెట్టరును వేడినీళ్లలో వేసి బొమ్మకు సరిపోయేంత చేశాడు. రెండోసారి ఎర్ర తువ్వాలు కలిపేసి తన బనియన్లన్నీ గులాబీ రంగులోకి మార్చుకున్నాడు. బావ్‌జూ బాల్కనీ గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉండేది. ఆయన ఐదడుగుల తొమ్మిది అంగుళాల మనిషి. రాతి తొట్టి మీద విల్లులా వంగిపోయి కాలర్లు రుద్దేవాడు. డాబా మీదనుంచి ఖాళీ బకెట్టుతో దిగి వచ్చి గోడకు చేరగిలబడేవాడు.

రెండో వారంలో నడుం పట్టుకుని అన్నాడు. "ఏమే, ఇది మనుషులు చేసే ఏర్పాటేనా? ఒకచోట ఉతుకు, ఇంకోచోట పిండు, ఆకాశంలో ఆరెయ్యి. టగ్గులో ఇలా అమర్చి ఉంటే కెప్టెన్ను సముద్రంలోకి తోసేసేవాళ్లం."

నవ్వు వస్తుందనుకున్నాడు. బావ్‌జూకు కోపం వచ్చింది. తనకే తెలియనంత పాత కోపం.

"నీ నడుం నొప్పెడితే గానీ తెలీలేదా ముసలి కోతీ? ముప్ఫై ఒక్క ఏళ్లు నీ కళ్లముందే ఎక్కాను, దిగాను. ఒక్కరోజు బకెట్టు పట్టావా?"

తియెన్‌లాయ్ ఆరని చొక్కా ఒకటి తీసి మళ్లీ బకెట్లో వేశాడు. "నువ్వెప్పుడూ అనలేదుగా" అని గొణిగాడు.

"అనాలా?"

ఆ రాత్రి ఆమెకు ఆయన మీది కోపంకన్నా తన మీద తనకే ఆశ్చర్యం ఎక్కువైంది. లాండ్రీలో బల్లలన్నీ నడుం ఎత్తుకు ఉండేవి. మాసినవి ఒక తలుపులోంచి వచ్చేవి, శుభ్రమైనవి ఇంకో తలుపులోంచి వెళ్లేవి, రెండూ ఎక్కడా కలిసేవి కావు. తడిబట్టను పది అడుగులకు మించి మోసిన గుర్తు లేదు. అక్కడ యజమానికి ఉతికేవాళ్ల చెయ్యి మందగిస్తే నష్టం కాబట్టి అన్నీ సరిగ్గా పెట్టించాడు. ఇంట్లో ఎవరికీ నష్టం లేదు. ఇరవై ఆరేళ్లు ఆ పద్ధతి తెలిసి కూడా, దాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చన్న ఆలోచన తనకే రాలేదు. ఉద్యోగంలో చేసేది పని, ఇంట్లో చేసేది పని కాదనుకుంది కాబోలు.

పొద్దున్నే గంజి తాగుతూ ఎడమచేత్తో ఆ గది తలుపు చూపించింది. "నాకా గది కావాలి."

తియెన్‌లాయ్ గంజిగిన్నె కింద పెట్టేశాడు. "నా గదా? నా కర్రలు ఎక్కడికి పోతాయి?"

"డాబా మీదికి మొయ్యి. ముప్ఫై ఎనిమిది మెట్లే."

"తడికి పాడైపోతాయే!"

"నా బట్టలు పాడవ్వడంలా?"

ఆయన ఒప్పుకోలేదు. చూద్దామన్నాడు, ఎండలు రానీ అన్నాడు. జనవరి దాకా అలాగే నాన్చాడు. ఈలోగా కట్టు విప్పారు గానీ మణికట్టు చెక్కముక్కలా బిగుసుకుపోయి ఉంది. బట్టలు ఆయనే ఉతుకుతున్నాడు.

ఆ నెలలో టగ్గులో కలిసి పనిచేసిన పాత స్నేహితుడు, లో అనే ఇంటిపేరున్న పెద్దాయన, ఆయన కూతురి పెళ్లి విందు వచ్చింది. పదకొండు రోజులుగా ముసురు. తియెన్‌లాయ్‌కు ఉన్న ఒక్క మంచి చొక్కా మూడురోజులు తీగ మీద వేలాడినా చెమ్మ వదల్లేదు. ఇస్త్రీపెట్టె పెట్టి ఆవిర్లు వచ్చేదాకా రుద్ది వేసుకెళ్లాడు. విందు హాల్లో వేడికి, ఒంటి వేడికి, ఆ చొక్కా తన అసలు గుణం బయటపెట్టింది. బల్ల చుట్టూ పదిమంది కూర్చున్నారు. చేప పళ్లెం ఇంకా రాలేదు. లో పెద్దాయన గ్లాసు పట్టుకుని వచ్చి ముక్కు ఎగబీల్చాడు.

"ఏరా తియెన్‌లాయ్, పెళ్లికి కూడా ఎర జేబులో పెట్టుకొచ్చావా?"

బల్లంతా ఘొల్లుమంది. తియెన్‌లాయ్ కూడా నవ్వాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. బావ్‌జూ తల వంచుకుని సూప్ తాగింది. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో ఆయన కిటికీకేసి చూస్తూ అన్నాడు.

"ఆ గది తీసుకో."

"చొక్కా కోసమా?"

ఆయన, "చొక్కాతో మొదలైందనుకో" అన్నాడు. "నేను చూడలేదే బావ్‌జూ. కళ్లముందే ఉన్నా చూడలేదు. అది తప్పే."

ఆమె ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, మణికట్టు కలుక్కుమంటే తీసేసింది.

గది ఖాళీ చెయ్యడానికి వారం పట్టింది. ఐసు పెట్టెలు రెండు పోయాయి, వలలు పోయాయి. గాలపు కర్రలకు తియెన్‌లాయ్ గదిని ఆనుకున్న లోపలి వసారా పైకప్పు కింద పొడుగునా కొక్కేలు కొట్టి, వాటిని అడ్డంగా పడుకోబెట్టాడు. రెండు కిటికీలూ ఏళ్ల తర్వాత తెరుచుకున్నాయి. సముద్రపు గాలి ఇటు వచ్చి అటు పోయింది. బావ్‌జూ ఆ గాలికి ఎదురుగా నిలబడి సుద్దముక్కతో నేల మీద గీతలు గీసింది. వసారా వైపు తలుపు దగ్గర మాసిన బట్టల బుట్టలు, ఆ పక్కన తొట్టి, ఆ తర్వాత మెషీను, దాని పక్కన మడతబల్ల, పడకగది వైపు తలుపు దగ్గర మడతపెట్టిన బట్టల అర. చేపల వాసన బట్టలకు మాత్రం మూత ఉన్న బకెట్టు, అదీ గుమ్మం బయట.

"నన్ను బయట పడేశావన్నమాట" అన్నాడు తియెన్‌లాయ్.

"నిన్ను కాదులే, నీ పాంటుని."

గొట్టాలూ తొట్టీ పనికి తూ అనే మేస్త్రీ వచ్చాడు. ఆ వీధిలో సగం ఇళ్లకు కొళాయిలు బిగించినవాడు. కొత్త రాతి తొట్టి తెచ్చి, ఇటుకలు పేర్చి, మధ్యాహ్నానికల్లా నిలబెట్టి పిలిచాడు. బావ్‌జూ ముందుకెళ్లి చేతులు పెట్టి చూసింది. భుజాలు రెండూ చెవుల దగ్గరకు లేచాయి.

"ఎత్తెక్కువైంది మేస్త్రీ."

"అందరికీ ఇంతే కడతాం అక్కా. లెక్కే అది."

"ఆ అందరిలో ఎవరినన్నా పిలిచి నిలబెట్టి చూశావా?"

తూ మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. ఇరవై ఏళ్ల అనుభవంలో ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడగలేదు. బావ్‌జూ ఆయన ఎదుట నిలబడి మోచేతులు మడిచి, గాలిలోనే చొక్కా రుద్దుతున్నట్టు చేతులు ఆడించి, "ఇదిగో, నా చేతులు ఇక్కడికి దిగుతున్నాయి. రాయి ఇక్కడుండాలి" అని చూపించింది. అప్పుడే ఆమెకో సందేహం వచ్చింది. ఇప్పుడు ఉతికేది తనొక్కతే కాదు. తియెన్‌లాయ్‌కేసి చూసి అడిగింది.

"పోనీ, మధ్యరకంగా కట్టిద్దామా?"

"మధ్యరకంగా కడితే ఇద్దరి నడుమూ పోతుంది" అన్నాడు తియెన్‌లాయ్. మిగిలిన ఒక్క ఐసు పెట్టెను తొట్టి ముందుకు కాలితో నెట్టి, దాని మీద కూర్చున్నాడు. "నీ ఎత్తుకే కట్టించు. నేను ఇలా కూర్చుంటా. చేపల దగ్గర కూర్చోవట్లా?"

తూ మేస్త్రీ రెండు వరసల ఇటుకలు తీసేశాడు. పాత మెషీను అప్పటికే మూలుగుతోంది కనక దాన్ని పంపించేసి, ముందువైపు తలుపు తెరిచే రకం తెప్పించారు. దాని కింద సిమెంటు దిమ్మె కట్టించింది బావ్‌జూ. తలుపు తెరిస్తే బట్టలు నేరుగా బుట్టలో పడాలి, వంగే పని ఉండకూడదు. నేలను కాస్త వాలుగా చేయించి, నీళ్లు పోయే కన్నం మూలకు పెట్టించింది. తేమ పీల్చే యంత్రం ఒకటి కొని, అందులోంచి గొట్టం తీసి ఆ కన్నంలోకే వదిలారు.

ఆరేసే తీగల పని మాత్రం తియెన్‌లాయ్ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. వెదురు కర్రలు నాలుగు, ఓడ సామాన్ల కొట్టులోంచి కప్పీలు, నూలు తాడు తెచ్చుకుని రెండు రోజులు తలుపు వేసుకున్నాడు. మూడోనాడు ఆమెను పిలిచి తాడు వదిలాడు. కర్ర మెల్లగా దిగి వచ్చి సరిగ్గా ఆమె గడ్డం దగ్గర ఆగింది. బావ్‌జూ ఒక తువ్వాలు దులిపి వేసింది. లాగితే కర్ర కప్పుకు వెళ్లిపోయింది. ఆమె మళ్లీ దింపింది, మళ్లీ లాగింది. ఊరికే నాలుగుసార్లు చేసింది.

"బాగుందా?" అన్నాడు ఆయన.

"ముడి మార్చు. ఈ చేత్తో ఇది విప్పలేను" అంది. వెంటనే కిటికీ వైపు తిరిగింది.

మార్చి వానల్లో మొదటిసారి రెండు బొంత గలీబులూ ఒకే రోజు ఉతికారు. కిటికీ వార పెట్టిన ఫ్యాను కింద, మర్నాడు పొద్దుటికి అవి పెళపెళలాడుతూ ఆరి ఉన్నాయి. బావ్‌జూ మొహం వాటిలో దాచుకుని వాసన చూసింది. సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు.

తూ మేస్త్రీ ఎక్కడెక్కడ ఏం చెప్పాడో గానీ, తర్వాత ఆ వీధిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చూసి పోయారు. రెండిళ్లలో ఆమెను పిలిచి, తొట్టి ఎక్కడ పెట్టాలో అడిగారు. కింది ఇంటి మెయ్‌యున్ మాత్రం గది కన్నా గడియారం చూసింది.

"ఇప్పుడు తొమ్మిదేగా అయింది? పనైపోయిందా?"

"తియెన్‌లాయ్ ఆరేస్తాడు. ఇవాళ ఆయన వంతు."

"అయితే పద సముద్రానికి. డాక్టరు చెయ్యి నీళ్లలో ఆడించమన్నాడంటివి. ఇరవై ఏళ్లనుంచి పిలుస్తున్నా. పిలిచినప్పుడల్లా బట్టలున్నాయంటావు. ఇప్పుడేం సాకు చెప్తావో చెప్పు."

మే నెలలో బావ్‌జూ మెయ్‌యున్ పాత ఈత దుస్తులు వేసుకుని, ఊరి చివర సముద్రం పాయలా లోపలికి వచ్చిన చోట, ముసలివాళ్లంతా ఈదే రాళ్ల ఒడ్డున, నడుంలోతు నీళ్లలో దిగింది. అరవై రెండేళ్ల వయసులో. మొదటిరోజు మెయ్‌యున్ భుజం వదల్లేదు. జూన్‌లో తేలడం వచ్చింది. కుడి మణికట్టు ఇంకా పూర్తిగా తిరగదు. అందుకని ఆమె ఈత కొంచెం ఎడమకు లాగుతుంది. మెయ్‌యున్ దానికి పడి పడి నవ్వుతుంది. సెప్టెంబరుకల్లా ఈదేవాళ్ల హద్దుకు నీళ్లలో కట్టిన తాడు దాకా వెళ్లి, కాసేపు పట్టుకుని, తిరిగి రాగలుగుతోంది.

అలా తిరిగొచ్చిన ఒక పొద్దున రాయి మీద కూర్చుని తల తుడుచుకుంటుంటే మెయ్‌యున్ అంది.

"వచ్చే వేసవిలో మన ముసలివాళ్ల పోటీ ఉంది. ఈ ఒడ్డు నుంచి పాయకు అవతలి ఒడ్డుకి. నీ పేరు రాయించాను."

"నన్నడక్కుండానే?"

"అడిగితే ఏమంటావో నాకు తెలీదా?"

బావ్‌జూ ఫ్లాస్కు మూత తిప్పి, అల్లం టీ పోసుకుని, రెండు గుక్కలు తాగింది. అవతలి ఒడ్డుకేసి కళ్లు చికిలించి చూసింది.

"ఎన్ని మీటర్లుంటుంది?" అని అడిగింది.