బోరన్న పేరు పక్కన ఒట్టి బ్రాకెట్లు

ఆ రోజుల్లో ఉరవకొండ చుట్టుపక్కల కంప్యూటర్ తెలిసినవాడంటే కొంచెం మర్యాద ఉండేది. తెలియకపోయినా తెలిసినట్టు కూచుంటే ఇంకా ఎక్కువ మర్యాద. నాది రెండో రకం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక డిగ్రీ కాలేజీలో టెంపరరీ కంప్యూటర్ మాస్టరుగా చేరినాను. అక్కడి లెక్కల సారు నన్ను చేరదీసి లేటెక్ నేర్పినాడు (పుస్తకాలను అచ్చుకు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అది, ఆయన దృష్టిలో మిగతావన్నీ బొమ్మలాట).

వార్షికోత్సవ పుస్తకంలో దాతల పట్టిక వేసే పని నాకు పడింది. ఇంగ్లీషులోనే, ఎందుకంటే లేటెక్‌లో తెలుగు రప్పించే విద్య మా ఇద్దరికీ రాదు. ఒక మాక్రో రాసుకున్నాను. పేరు, ఊరు, చదువు ఇస్తే చాలు, వరుసగా పేర్చి, చదువును బ్రాకెట్లలో పెడుతుంది. చదువుకోనివాళ్లకు ఆ చోటు ఖాళీగా వదిలితే బ్రాకెట్లే రాకూడదు. "ముందు ఖాళీనా కాదా అని అడగల్ల, ఆ తర్వాతే బ్రాకెట్ తెరవల్ల" అని సారు పక్కన కూచోని చెప్పినాడు. మా నాయన పేరు వేసి చూసినాను (ఆయనా బడి ముఖం చూడలేదు), బ్రాకెట్లు రాలేదు. మురిసిపోయి, ఆ పేరు తీసేసి, మిగతాది అచ్చుకు పంపించినా.

ఉత్సవం రోజు పొద్దున పుస్తకాలు వచ్చినాయి. అన్ని పేర్లూ బాగున్నాయి, ఒక్క బోరన్న పేరు పక్కన మాత్రం ఒట్టి బ్రాకెట్లు. బోరన్నంటే మా హాస్టలుకు బోరు వేయించిన పెద్ద రైతు. ఆ రోజు ముఖ్య అతిథి ఆయనే, ఆ బోరుకు మోటారు ఇస్తానని ఒప్పుకోవాల్సిందీ ఆయనే. సారు ఫైలు తెరిచి చూసినాడు. "ఇక్కడ నీ వేలు తగిలి స్పేసు పడిందప్పా. మన కంటికి ఖాళీనే. కంప్యూటరుకు కాదు." మళ్లీ అచ్చు వేయించే వ్యవధి లేదు.

వేదిక మీద బోరన్న పుస్తకం తిప్పి, తన పేరు దగ్గర ఆగినాడు. "ఏమప్పా, అందరికీ లోపల ఏందో రాసినారు. నాకు ఒట్టి బ్రాకెట్లే పెట్టినారే?" అని ప్రిన్సిపాలును అడిగినాడు. ప్రిన్సిపాలు నావైపు చూపించినాడు. ఉద్యోగం పోయిందనుకుంటూనే దగ్గరికి పోయినా.

"ఖాళీగా ఉంటే గమ్మునుండమని కంప్యూటరుకు చెప్పినాన్నా."

"మరి నాది ఖాళీనే గదా. మూడో క్లాసు దాటలేదు."

"ఒక స్పేసు పడిపోయిందన్నా. దాంతో మీ దగ్గర ఏందో ఉండాదనుకున్నాది."

ఆయన పక్కకు తిరిగి, "చూడప్పా, నీకంటే ఆ మిషినీకే నా మీద నమ్మకముండాది" అన్నాడు ప్రిన్సిపాలుతో. సభంతా నవ్వింది. నవ్వులోనే మోటారుకూ ఒప్పుకున్నాడు.

మరుసటి రోజు సారు స్పేసులు ముందే తుడిచేసి అడిగే ఉపాయం నేర్పినాడు. ఇన్నేళ్లుగా అచ్చు పనితోనే బతుకుతాండా. సారు, బోరన్న ఇద్దరిలో ఏ ఒక్కరు ఆ రోజు నన్ను కసురుకున్నా, కంప్యూటర్ వదిలేసి నాయన వెంట చెనిక్కాయ చేలోకి పోయుండేవాణ్ణి. అక్కడా నన్ను నమ్ముకుని పండిన పైరేమీ ఉండేది కాదని నాయన అనేవాడు.