అమ్మ దిగిన స్టేషన్

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే నవ్వి లేచి వెళ్లిపోయేదాన్ని నేను. బ్యాంకు ఉద్యోగం నాది. దేన్నైనా రెండోసారి సరిచూసుకుంటే గాని ఒప్పుకోను. ఇప్పుడు చెప్పేది మాత్రం పట్టపగలు, బోగీ నిండా జనం ఉండగా, నా కళ్లముందే జరిగింది. భయపడే సంగతి కాదు. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మేము సూరత్‌లో, ఆల్థాన్ అనే పేటలో ఉంటాం. నేను, మా ఆయన సురేశ్, మా అమ్మ రాజేశ్వరి. నాన్న పోయాక అమ్మ దగ్గర్లోని బమ్రోలిలో మిల్లు కార్మికులకు ఇడ్లీలు అమ్మి నన్ను చదివించింది. బండి దగ్గర నిలబడి పాడుతూ, వచ్చిన ప్రతివాడితో పరాచికాలాడుతూ ఉండే మనిషి. కరోనా రెండో విడతలో ఆమెకు ఊపిరి ఆడక ఆసుపత్రిలో చేర్చాం. కొన్నాళ్లు స్పృహ లేదు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు.

బతికి బయటపడింది. ఇంటికొచ్చిన కొత్తలోనే ఒక మాట చెప్పింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ తాను రైల్లో పోతున్నానట. అంతా పచ్చటి కొండలు. చీకటి సొరంగం దాటగానే ఎడమ పక్క కొండ మీంచి నీళ్లు దూకాయట. తర్వాత ఎర్ర పెంకుల చిన్న స్టేషన్ వచ్చింది. బెంచీ మీద ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ కనకాంబరాలు మాల కడుతోంది. అమ్మను చూసి, "దిగు దిగు, ఇది నీ బండి కాదు" అన్నదట. ఆవిడ పూలు ఇవ్వబోతున్నా ఆగకుండా అమ్మ గబగబా దిగేసింది. కళ్లు తెరిస్తే వార్డు.

ఈ మాట మా పక్కింటి హంసాబెన్ కూడా అప్పుడే వింది. అందుకే ఇది తర్వాత అల్లుకున్న కథ కాదని చెప్పగలుగుతున్నాను.

జ్వరంలో అలాంటివి మామూలేనన్నారు డాక్టరుగారు. నేనూ అదే అనుకున్నాను. కానీ అమ్మ పాట ఆగిపోయింది. కిటికీ పక్కన కూర్చుని రోజంతా గోడకేసి చూసేది. వానలు తగ్గుముఖం పట్టాక, ఊళ్లు చూపించే పర్యాటక రైలొకటి సూరత్ మీదుగా కొంకణ్ తీరానికి పోతోందని తెలిసింది. పడక, తిండి అన్నీ రైల్లోనే. కొండల్లో పగటిపూట నెమ్మదిగా పోతుందట. సురేశ్ మా ముగ్గురికీ, హంసాబెన్‌కీ టికెట్లు తీశాడు.

అమ్మ ససేమిరా అంది.

"నేను రైలెక్క బిడ్డా. అప్పుడంటే ఎవరో దింపిన్రు. గీసారి దింపెటోళ్లు లేకపోతే ఎట్ల?"

ఆమె భయం ఏమిటో నాకు అప్పుడు గాని తెలియలేదు. ఎన్ని చెప్పినా వినలేదు. చివరికి హంసాబెన్ వచ్చి చెయ్యి పట్టుకుంది. "చాలో నే రాజుబెన్. మై హూఁ నా. నువ్వు దిగితే నేనూ దిగుతా" అని, నేనున్నాను రమ్మంటూ, గుజరాతీ హిందీ కలిసిన తన వచ్చీరాని తెలుగులో అంది. ఆ మాటకే అమ్మ బ్యాగు సర్దుకుంది.

సాయంత్రం ఎక్కాం. అందరికీ మాస్కులు, ఎక్కేటప్పుడు జ్వరం చూడ్డాలు. గంట గడిచేసరికి మా బోగీ పెళ్లివారిల్లయింది. హంసాబెన్ ఇంట్లో చేసిన మెంతికూర రొట్టెలు, తేప్లాలు పంచింది. బెర్తుల మధ్య సన్నటి దారిలోనే ఆడవాళ్లు గర్బా ఆడారు. అమ్మ మాత్రం చెప్పులు విప్పకుండా కూర్చుంది.

తెల్లారేసరికి కొండలు. అమ్మ అటువైపు ఎన్నడూ పోలేదు. మా సొంతూరికి పోయే రైలు ఎప్పుడూ భుసావళ్ మీదుగానే. ఒక సొరంగంలోకి వెళ్లగానే ఆమె నా మోచెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు ఎడమ దిక్కు నీళ్లు దుంకుతయి సూడు."

దూకాయి. కిటికీ చువ్వల్లోంచి తుంపర మా ముఖాల మీద పడింది. బోగీ అంతా కేరింతలు. వానాకాలం చివర్లో ఈ దారిలో ప్రతి కొండకీ జలపాతమేనని సురేశ్ నవ్వాడు. నిజమే. నేనూ నవ్వాను.

కాసేపటికి రైలు ఆగింది. అది ఒంటి లైను. ఎదురుగా వచ్చే బండి కోసం ఆపారు. మా బండి ఆగే చోట్లలో ఆ స్టేషన్ లేనే లేదు. పైన ఎర్ర పెంకులు.

అమ్మ లేచి దిగిపోయింది. వెనకాలే నేను, హంసాబెన్ పరుగెత్తాం. బెంచీ మీద ఆకుపచ్చ చీర ఆవిడ కనకాంబరాలు కడుతోంది. అమ్మ ముఖానికి మాస్కు ఉంది, కళ్లు తప్ప ఏమీ కనబడడం లేదు. అయినా ఆవిడ తలెత్తి చూసి, ఎరిగిన మనిషిని పలకరించినట్టు, "బరీ ఝాలీస్ నా?" అంది.

హంసాబెన్‌కి మరాఠీ కొంచెం వచ్చు. "నయమైందా అని అడుగుతోంది" అని నా చెవిలో చెప్పింది.

ఆవిడ ఇంకో మాట కూడా అంది, అదీ హంసాబెనే చెప్పింది. ఆ రోజు తొందరలో పూలు తీసుకోకుండానే పోయావని. అంటూనే ఒక మూర తుంచి అమ్మ చేతిలో పెట్టింది.

ఇప్పుడు ఈ బండి ఎక్కనా అని అమ్మ తన సూరత్ హిందీలో ఒక్కటే అడిగింది. "అబ్ యే గాడీ మే బైఠూ క్యా?"

ఎక్కు, ఇది ఊళ్లు తిరిగే బండేగా అని ఆవిడ పకపకా నవ్వింది. "బైఠో నా. యే తో ఘూమ్‌నే వాలీ గాడీ హై."

ఎదుటి బండి వెళ్లిపోయింది. మా రైలు కూత వేసింది. అమ్మ ముందుగా ఎక్కి, మా ఇద్దరికీ చెయ్యి అందించింది. సీటుకు రాగానే చెప్పులు విప్పి, పూలు జడలో పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం గర్బా వరసలో అందరికన్నా ముందు మా అమ్మే. పాట వాళ్లది గుజరాతీ, అమ్మది బతుకమ్మ. చప్పట్లు మాత్రం కలిశాయి. నేను మొహం కిటికీ వైపు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాను.

ఆ పూలావిడ ఇంకెవరినో అనుకుని పలకరించి ఉంటుందని సురేశ్ అంటాడు. కావచ్చు. రోజూ ఎందరినో చూసే మనిషి. అయితే ఆ నీళ్లు, ఆ పెంకులు, ఆ చీర, ఆ పూలు, తీసుకోకుండా వచ్చేసిన సంగతి, అన్నీ ఒకచోట ఎలా కలిశాయి? ఎన్నిసార్లు సరిచూసుకున్నా లెక్క కుదరడం లేదు.

అమ్మకు ఆ గొడవే లేదు. మొన్న తనే అడిగి హిమాలయాల వైపు పోయే రైలుకు టికెట్లు తీయించింది. ఉండబట్టలేక అడిగాను, అక్కడ ఏమేం కనబడతాయమ్మా అని.

"నాకేం ఎరుక బిడ్డా? నేను గూడ గిప్పుడే పోతున్న గద" అంది, కొత్త స్వెట్టర్ తొడుక్కుని అద్దంలో చూసుకుంటూ.