పక్కింటి అక్కకు నేను కలిపిన ఎర్రపూత

నా చిన్నప్పుడు నగరిలో, మా నేతగాళ్ళ వీధిలో, ఏ ఆడపిల్ల మొహం నిగనిగలాడినా ఆ పేరు మా అవ్వకే వచ్చేది. పెసరపిండి, పాలమీగడ, సానరాయి మీద అరగదీసిన ఎర్రచందనం, ఇంతే ఆమె పూత. చందనం చెక్క ఒక్కటి తప్ప మిగతావన్నీ వంటింట్లోవే. అవ్వ కలుపుతుంటే నేను పక్కన చేరి చూసేదాన్ని. చూసినంత మాత్రాన పని వచ్చేసిందనుకునే వయసు నాది. తొమ్మిదేళ్ళుంటాయేమో.

పక్కింటి అక్కకు అప్పటికి పెళ్ళయి ఆరు నెలలు. యుద్ధం రోజులు కదా, భర్త పటాలంలో చేరి ఎక్కడో దూరాన ఉన్నాడు. నీ ఫోటో ఒకటి తీయించి పంపమని జాబు రాశాడు. శుక్రవారం తిరుపతికి తీసుకుపోయి తీయిస్తానని అక్క అత్త ఒప్పుకుంది. ఆ ఫోటోలో బుగ్గలు ఎర్రగా కనబడాలని అక్కకు ఆశ. ఫోటోలో ఎరుపూ నలుపూ ఒకటేనని మా ఇద్దరిలో ఎవరికి తెలుసు?

బుధవారం మధ్యాహ్నం పూత కోసం మా ఇంటికి వచ్చింది. అవ్వ లేదు. మెట్టు మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుని, కట్టు కట్టించుకోవడానికి పుత్తూరు వెళ్ళింది. అక్క మొహం చిన్నబోయింది. అవ్వ చేసేదంతా నాకు వచ్చు, నేను కలిపిస్తానని గొప్పగా చెప్పి సానరాయి ముందు కూర్చున్నాను.

కూర్చున్నాక గానీ తెలియలేదు ఆ చెక్క ఎంత మొండిదో. భుజాలు పడిపోయేదాకా అరగదీస్తే కడిగిన నీళ్ళలాంటి రంగు దిగింది. అక్క వాకిట్లో ఎదురుచూస్తోంది. చేతకాలేదని చెప్పడానికి నాకు నామోషీ. అప్పుడు గుర్తొచ్చింది, దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళు ఎలా చేస్తారో. పసుపు నీళ్ళలో సున్నం వేస్తే చాలు, కళ్ళముందే ఎర్రబడతాయి. గూట్లో వక్కాకు సున్నం ఉంది. పెసరపిండిలో పసుపు వేసి ఇంత సున్నం కలిపాను. ఎరుపు చాల్లేదనిపించి మరికాస్త కలిపాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అక్క చాప మీద పడుకుని కళ్ళు మూసుకుంది. నేను దట్టంగా రాశాను. కాసేపటికి మండుతోందని అంది. మండితేనే రంగు పడుతుందని అవ్వ చెప్పిందన్నాను. అవ్వ ఏనాడూ ఆ మాట అనలేదు. అక్క పాపం పళ్ళు బిగబట్టి, పూత ఎండేదాకా ఓర్చుకుంది. కడుక్కుంటే బుగ్గలు నిజంగానే ఎర్రగా ఉన్నాయి. ఇద్దరం అద్దంలో చూసి నవ్వుకున్నాం.

సాయంత్రానికి అక్క మొహం వాచింది. తెల్లారేసరికి బొబ్బలు లేచి, ఎడమ కన్ను మూసుకుపోయింది.

ఆ ఎండాకాలం కింది వీధిలో అమ్మవారు పోసి ఇద్దరు పిల్లలు పోయారు. అక్క మొహం చూడగానే ఆమె అత్త వేపమండలు తెచ్చి గడపకు కట్టింది. వీధంతా నమ్మిన అవ్వ పూత మీదికి ఎవరి అనుమానమూ పోలేదు. వాళ్ళ మగ్గం ఆగింది. వంటింట్లో తాళింపు ఆగింది. అమ్మవారు వచ్చిందన్న మాట పడ్డాక మా పక్క ఒంటికి నీళ్ళు తగలనివ్వరు, మందు రాయరు, బయటి మనిషిని లోపలికి రానివ్వరు. ఆ మండుతున్న మొహంతో అక్కను చీకటి గదిలో వేపాకు మీద పడుకోబెట్టారు.

మిగిలిన పూత గిన్నెను ముందురోజు సాయంత్రం ఆ వాపు చూడగానే పెరట్లో కట్టెల వెనక దాచాను. నాయనకు తెలిస్తే చర్మం ఒలుస్తాడని ఒక భయం. నా సున్నానికి తన పేరు పెట్టినందుకు అమ్మవారు కోపగించి నా మీదికి వస్తుందని ఇంకో భయం. ఘడియకోసారి మొహం తడుముకుని చూసుకున్నాను. చెప్పేద్దామని రెండుసార్లు అమ్మ దాకా వెళ్ళి, మంచినీళ్ళు అడిగి తాగి తిరిగి వచ్చాను.

మధ్యాహ్నానికి అవ్వ వచ్చింది. చేతికి వెదురుబద్దల కట్టు. సంగతి విని నేరుగా పక్కింటి కిటికీ దగ్గరికి వెళ్ళి రెండే రెండు ప్రశ్నలడిగింది. ఒళ్ళు కాలుతోందా? లేదన్నారు. మెడ మీద గానీ చేతుల మీద గానీ పొక్కులున్నాయా? ఒక్కటీ లేదన్నారు. అవ్వ ఇంటికొచ్చి నన్ను కాసేపు చూసింది. పెరట్లోకి వెళ్ళి, వెతికి, ఆ గిన్నె పట్టుకొచ్చింది. ఎండిపోయిన పూతలో నీళ్ళు పోసి తడిపి, నా ఎదురుగా కూర్చుంది.

"నా మొగం గూడా ఎండకు మాడిపోయిండాది. చెయ్యి సూస్తే ఇట్లుండాది. అక్కకు రాసినట్టే నాకూ రాయమ్మీ," అని కళ్ళు మూసుకుంది.

నేను గిన్నెలో వేళ్ళు పెట్టాను. ముడతలు పడిన మొహం నాకు జానెడు దూరంలో ఉంది. గడ్డం మీద పచ్చబొట్టు, మూసిన రెప్పలు. అవ్వ కదల్లేదు, తొందరపెట్టలేదు. నా చెయ్యి ఆమె బుగ్గ దాకా వెళ్ళింది. ఆ వేళ్ళు ఆమెకు తగిలితే ఏమవుతుందో లోకంలో నాకొక్కదానికే తెలుసు.

"వొద్దవ్వా," అన్నాను. "దాంట్లో సున్నం కలిపినా."

చెంప పగిలిపోతుందనుకున్నాను. అవ్వ కళ్ళు తెరిచి, ఒంటిచేత్తో చెంబు వంచి ముందు నా వేళ్ళు కడిగింది. నేను నోరు తెరవకపోతే ఆమె నిజంగానే రాయించుకునేదని ఇప్పటికీ నా నమ్మకం. అంత మొండిది. ఆ తర్వాత నా రెక్క పట్టుకుని పక్కింటికి లాక్కెళ్ళింది. నువ్వే చెప్పవ్వా, నాకు భయమని ఏడిస్తే ఒకటే మాట అంది.

"నేను సెప్తే అది చాడీ అయితాది. నువ్వే సెప్పు."

వేపమండల కిందే నిలబడి చెప్పాను. అక్క అత్త నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అన్నీ నాకు తగినవే. ఆమె చెయ్యెత్తితే అవ్వ కట్టు చేతితోనే అడ్డం వచ్చింది. లోపల అక్క లేచి కూర్చుని, తెరుచుకున్న ఒక్క కంటితో నన్ను చూసి, అమ్మవారు కాదా, నిజంగానే కాదా అని మళ్ళీ మళ్ళీ అడిగింది. కాదక్కా, నేనే అన్నాను. దాంతో ఒక్కసారిగా బావురుమంది. కోపం వచ్చి ఏడుస్తోందనుకున్నాను. కాదు. భర్తను చూడకుండానే పోతానని, తన చీరలు ఎవరెవరికి ఇవ్వాలో కూడా పొద్దున్నే అత్తకు చెప్పేసిందట.

కుండల కొద్దీ నీళ్ళతో మొహం కడిగారు. అవ్వ నా చేతే వెన్న రాయించింది. ఎక్కడ గట్టిగా తగులుతుందోనని ఒక్క వేలితోనే రాశాను. శుక్రవారం ఫోటో ప్రయాణం ఆగిపోయింది. చర్మం ఊడి, కొత్తది రావడానికి ఇరవై రోజులు పట్టింది. కంటి కింద చింతగింజంత మచ్చ మాత్రం ఉండిపోయింది. మండుతోందన్న వెంటనే కడిగుంటే అదీ ఉండేది కాదని అవ్వ నాతో చెప్పింది, దాచకుండా.

వెన్న రాయించుకుంటున్నప్పుడు అక్క నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. మెల్లగా ఇంత మాత్రం అంది.

"నిన్న సాయంత్రమే సెప్పింటే నేను రాత్రి నిద్రపోయింటాను కదమ్మీ."

ఆ రాత్రి గోడకు ఇవతల నేను దెబ్బలకు భయపడుతూ పడుకున్నాను. అవతల ఆమె, ఆ వాపు అమ్మవారేమోనని, చావుకు భయపడుతూ పడుకుంది. నా చిన్న భయాన్ని కాపాడుకోవడానికి ఆమె పెద్ద భయాన్ని అలాగే వదిలేశాను.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. పాలు పొంగిపోనిచ్చినా, ఎవరి ఉత్తరమో ఎక్కడో పెట్టి మరిచిపోయినా, ఎవరూ అడగకముందే వెళ్ళి చెప్పేస్తాను. ముసలామె కడుపులో మాట దాగదని ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. నేను చెప్పని మాట ఒకటి ఉందని తెలియక, ఏ గదిలోనో ఎవరో నిద్రలేకుండా పడుకుని ఉంటారేమోనని నాకు ఇప్పటికీ భయం.