ఎర్ర చుక్క సీసాలు

సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని ఊళ్లో అందరికీ కలిసొస్తున్న రోజుల్లో, మా ల్యాబ్‌కు మాత్రం జాగా ఖాళీ చేసే గతి పట్టింది. ఫిల్మ్‌నగర్ పక్కన గుట్ట మీద ఓ బంగళా, దాని పై అంతస్తులో మేము. యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియాను చంపే కొత్త పదార్థాలు వెతకడం మా పని. ఎదురింట్లో రోజూ షూటింగే. వాళ్లు మైకులో ఎంత అరిచినా నా పని ఏనాడూ ఆగలేదు.

ఓ సోమవారం ఇంటి ఓనర్ మెట్లెక్కి వచ్చాడు.

"మేడమ్, సగం జాగా ఖాళీ చెయ్యిండ్రి. శనివారం సాఫ్ట్‌వేరోళ్లు కంప్యూటర్లు దింపుతరు. గీ ఫ్రిజ్జులు రెండెందుకు, ఒకటి సాలదా?"

ల్యాబ్ నడిపే మా సార్ క్షణం ఆలోచించలేదు. "ఎర్ర చుక్కలవి పారేద్దాం" అనేశారు.

ఫ్రీజర్ మంచుకు పెన్ను రాతలు చెరిగిపోయేవి. అందుకని గోళ్ల రంగు వాడేవాళ్లం. బాక్టీరియాను చంపలేని పదార్థమైతే సీసా మూత మీద ఎర్ర చుక్క. రంగు నాది, చుక్క పెట్టేది సార్. అలాంటివి ఓ ఫ్రీజర్ నిండా పోగయ్యాయి. వాటిని తయారుచేసిన కెమిస్టేమో అమీర్‌పేటలో జావా నేర్చుకుని చక్కా పోయాడు. పారేస్తే మళ్లీ చేసిచ్చే దిక్కు లేదు.

నాకు ఒళ్లు మండింది. "జర ఆగుండ్రి సార్. పాత యాంటీబయాటిక్ మందుతోని కలిపి సూడనే లేదు కదా!"

"చంపలేని మందు మందేంటమ్మా?" అన్నారు. గోదావరి మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి.

"చంపుడు వీటి పని కాదు సార్. మందు లోపటికి పోతే చాలు, బోరు మోటారు లెక్క బయటికి తోడేస్తది ఆ బాక్టీరియా. ఆ మోటారును ఆపేది ఒక్కటి దొరికితే పాత మందే పనిచేస్తది."

"దొరకాలి కదా."

"దొరుకుతది. శుక్రవారం దాకా టైమియ్యుండ్రి. దొరకకుంటే నేనే పారబోస్త."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, అలా ఉంది మా వాటం. మర్నాడే మొదలుపెట్టాను. చిన్న చిన్న గుంటల ట్రేలో ఒక్కో ఎర్ర చుక్క పదార్థం, దానికి తోడు పాత మందు. పొద్దున చూస్తే గుంట తేటగా ఉంటే బాక్టీరియా చచ్చినట్టు, తెల్లగా మసకేస్తే బతికినట్టు. బుధవారం అన్నీ మసకే. గురువారమూ అంతే. ఓనర్ తొంగిచూసి, "ఏందమ్మా, మజ్జిగ అమ్ముతరా?" అని నవ్వాడు.

"నవ్వుండ్రి. తేట నీళ్లు సూపిస్త" అన్నాను. చూపిస్తానని నాకు తెలుసు.

శుక్రవారం ఒక గుంట తేటగా ఉంది! పదార్థం ఒక్కటే వేసిన గుంట మసక. మందు ఒక్కటే వేసినదీ మసకే. రెండూ కలిసినచోట మాత్రం అద్దంలా ఉంది. ఆనందం పట్టలేక గట్టిగా కేకేశాను. సార్ పరుగున వచ్చి, ట్రేను కిటికీ వెలుగుకు పట్టి చూశారు.

"మళ్లీ చెయ్యి."

"మూడు ట్రేలల్ల పెట్టిన సార్. మూడూ సూడుండ్రి."

మూడూ చూశారు. ఆ సీసా తీసి, మూత మీద తను పెట్టిన చుక్కను చూసి, దాన్ని బల్ల మీద పెట్టి మెట్లు దిగి వెళ్లిపోయారు. ఒక్క మంచి మాటంటే నోటి ముత్యాలు రాలతాయా? నాకు ఏడుపొచ్చింది.

కాసేపటికి తిరిగొచ్చారు, చేతిలో ఆకుపచ్చ గోళ్ల రంగు బుడ్డి. "షాపులో పిల్ల ఎవరికి సార్ అని అడిగిందమ్మా. సిగ్గుతో చచ్చాను."

నాకు నవ్వాగలేదు. అంతలోనే రేపటి సంగతి గుర్తొచ్చింది. "మరి ఆ ఫ్రీజర్ సార్? మిగతా ఎర్రవన్నీ?"

"ఒక్కటీ పారేయొద్దు. ఓనర్‌కు చెప్పి ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకి నా గది ఇచ్చేశాను. నా కుర్చీ ఫ్రీజర్ పక్కన వేయించు."

అని కూర్చుని, ఆ సీసా మూత మీది ఎర్ర చుక్కపై తన చేత్తోనే ఆకుపచ్చ రంగు పూశారు. అంచులు దాటి మూతంతా పాకింది.