ముఖం గీయని బొమ్మ

ఆయన చేసే ఉద్యోగానికి సంస్థ రికార్డుల్లో ఉన్న పేరు తీగల పనివాడు, రెండో శ్రేణి. ఆఫీసులోనూ వీధుల్లోనూ ఉన్న పేరు ఉండేలు. జీతం మొదటి పేరు మీద వచ్చేది, పని రెండో పేరు మీద జరిగేది. ఇరవై ఆరేళ్లుగా ఆ రెండు పేర్లూ ఒకదాన్నొకటి పలకరించుకున్న పాపాన పోలేదు.

ఫోను తీగో ఇంటర్నెట్ తీగో ఒక మేడ మీంచి వీధి దాటి ఎదుటి మేడ మీదికి వెళ్లాలి. నియమం ప్రకారం దానికి నలుగురు మనుషులు, రెండు పొడుగు నిచ్చెనలు, కింద బళ్లు ఆపడానికి ఒక ఎర్రజెండా, సగం పూట కావాలి. ఆయన జేబులోంచి ఉండేలు తీసేవాడు. ఒక పంగకర్ర, రెండు రబ్బరు పట్టీలు, వాటి మధ్య తోలుముక్క, అంతే. సీసపు గుండుకి సన్నటి నైలాన్ దారం కట్టి, తోలుముక్కలో పెట్టి, చెవిదాకా లాగి వదిలేవాడు. గుండు దారాన్ని మోసుకుంటూ వీధి దాటి ఎదుటి మేడ మీద పడేది. అక్కడున్న మనిషి దారం అందుకుని లాగితే దాని వెనక తాడు, తాడు వెనక తీగ. తెచ్చుకున్న టీ చల్లారేలోపు పని అయిపోయేది. రిపోర్టులో మాత్రం నలుగురు మనుషులూ, రెండు నిచ్చెనలూ, ఎర్రజెండా పొల్లుపోకుండా ఉండేవి. అసలు నిచ్చెనలు గోదాములో గోడకానుకుని సాలీళ్లకి కాపురాలిచ్చాయి.

ఆఫీసులో ఉండేలన్న మాటకి గిరాకీ బాగా ఉండేది. ఎవరికైనా ప్రమోషనొస్తే ఉండేల్లోంచి వదిలినట్టు పోయాడనేవారు. ఫైలు కదలకపోతే రబ్బరు లాగుతున్నారు, ఎప్పుడు వదుల్తారో అనేవారు. మేనేజరు కేకలేస్తే ఇవాళ గుండు ఎవరి నెత్తిన పడిందని అడిగేవారు. ఇన్ని మాటల్ని పుట్టించిన అసలు వస్తువు సంగతి ఎత్తితే మాత్రం పైవాళ్లు కిటికీలోంచి బయటికి చూసేవారు. రికార్డుల్లో లేనిదాన్ని చూడటం వాళ్లకి అలవాటు లేదు.

ఎదుటి మేడ మీద దారం అందుకునే పని ఆరేళ్లపాటు ఒకతను చేశాడు. అందరూ అతన్ని దారం తమ్ముడనేవారు. ఒకసారి వేసి చూడరా అని ఉండేలు చేతికిస్తే, నాకెందుకన్నా, నువ్వున్నావుగా అని వెనక్కిచ్చేసేవాడు. చదువుకున్నవాడు. పరీక్షలేవో రాసి ప్రధాన కార్యాలయానికి వెళ్లిపోయాడు. వెళ్లిన ఏడాదే ‘త్వరిత తీగ దాటింపు విధానం’ అని ఒక నివేదిక సమర్పించాడు. ఆ తర్వాత ఏడేళ్లలో మూడు మెట్లెక్కాడు. ఉండేల్లోంచి వదిలినట్టు పోయాడని శాఖలో అన్నారు. ఆ మాట అక్షరాలా నిజమైంది ఆ ఒక్కసారే. వదిలిన చెయ్యి ఎవరిదో నివేదికలో లేదు.

ఆ నివేదిక ఇప్పుడు అచ్చై, నలభై ఎనిమిది పేజీల పుస్తకంగా అన్ని శాఖలకీ వచ్చింది. అందులో ఉండేలు అన్న మాట ఎక్కడా లేదు. ‘చేతి ప్రక్షేపణ సాధనం’ అని ఉంది. తీగల పనివాళ్లంతా దాన్ని చదివి పరీక్షకి నిలబడాలనీ, మొదటొచ్చినవాడికి పర్యవేక్షకుడి పోస్టు ఇస్తామనీ ఉత్తర్వు కూడా వచ్చింది. ఆ పోస్టు ఉండేలుకి ఇదివరకు రెండుసార్లు తప్పిపోయింది. ఆమోదించిన పద్ధతేదీ ఆయనకి రాదని రెండుసార్లూ రాశారు.

ఈసారి తప్పితే ఇక లేదు. రిటైరవ్వడానికి నాలుగేళ్లుంది. కుడి మోకాలు ఎప్పుడో రిటైరైంది. లిఫ్టు లేని ఐదంతస్తుల మేడ ఎక్కేటప్పుడు మూడో అంతస్తులో కూర్చుని, తీగ దారి చూస్తున్నట్టు నటించేవాడు. మెట్లు మానెయ్యమని డాక్టరు చెప్పాడు. పర్యవేక్షకుడైతే కింద నిలబడి పైకి చూస్తే సరిపోతుంది.

అందుకని పుస్తకం శ్రద్ధగానే చదివాడు. పదకొండో పేజీ దగ్గర ఆగిపోయాడు. ‘సాధనమును కుడిచేతితో నిలువుగా పట్టుకొని, ఎడమచేతితో పట్టీని ఎడమ చెవి వరకు లాగవలెను.’ పక్కనే బొమ్మ. గుండ్రటి తల, గీతల్లాంటి కాళ్లూ చేతులూ. పంగకర్ర కుడివైపే ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో లాగడమే తప్ప ఇంకోటి ఎరగడు.

ఆయన భార్య ఇంట్లో కుట్టుపని చేస్తుంది. ముందుగదిలో మిషను, దాని ఎదురుగా బట్టలు వేసుకుని చూసుకోడానికి నిలువుటద్దం. పరీక్షకి రెండు రోజుల ముందు సాయంత్రం ఆయన ఆ అద్దం ముందు నిలబడి, గుండుకి బదులు గుడ్డపీలికల ఉండ పెట్టి, పుస్తకంలో చెప్పినట్టు కుడిచేత్తో ఉండేలు పట్టుకున్నాడు. అద్దానికి తగలకుండా ఇటు తిరిగి, ఆవిడ వెనకాల గోడకి గురిపెట్టి వదిలితే మొదటి ఉండ మిషను మీదా, రెండోది ఆవిడ భుజం మీదా పడ్డాయి.

“నా వెనకాల గోడంతా ఖాళీగా ఉందిగా. దానికేం తగల్లేదేం?” అంది ఆవిడ తల తిప్పకుండా.

“కుడిచేత్తో పట్టుకోవాలట. పుస్తకంలో ఉంది,” అంటూ ఆయన మళ్లీ అద్దం వైపు తిరిగి, అలాగే పట్టుకున్నాడు.

ఆవిడ సూదిలోకి దారం ఎక్కించి, అప్పుడు తలెత్తి అద్దంలోకి చూసింది. “అద్దంలో ఆయన బాగానే పట్టుకున్నాడే. ఎప్పుడూ పట్టుకున్నట్టే ఉంది. మీకే ఏదో వచ్చింది.”

ఆయన అద్దంలోకి చూశాడు. ఆవిడ చెప్పింది నిజమే. ఎదుటి మనిషి ఉండేలు పట్టిన తీరు చక్కగా ఉంది. పంగకర్ర చూస్తున్న తనకి కుడివైపు కనిపిస్తోంది. దారం తమ్ముడు ఆరేళ్లపాటు తనని చూసింది ఇలాగే, ఎదుటి మేడ మీంచి. పుస్తకం తెరిచాడు. బొమ్మలో తప్పులేదు. కాకపోతే బొమ్మకి ముఖం గీయలేదు. గీసుంటే ఆ మనిషి ఎటు తిరిగి ఉన్నాడో తెలిసేది, కింద మాటలు రాసేటప్పుడు చెయ్యి మారేది కాదు.

మర్నాడు, ఇప్పుడు అధికారైన ఆ దారం తమ్ముడే పరీక్ష పెట్టడానికి శాఖకొచ్చాడు. గదిలో ఎవరూ లేనప్పుడు ఉండేలు వెళ్లి సంగతంతా చెప్పాడు. అధికారి గాల్లో చేతులెత్తి ఒకసారి అటూ, ఒకసారి ఇటూ పట్టుకుని చూసుకున్నాడు. చేతులు దించి తలుపు దగ్గరికి వేసొచ్చాడు.

“ఇంకెవరికైనా చెప్పావా అన్నా?”

“మా ఆవిడకి తెలుసు. చెప్పింది తనే.”

“డైరెక్టరుగారు సంతకం పెట్టారన్నా దాని మీద. అన్ని శాఖలకీ వెళ్లిపోయింది. ఇప్పుడు చెయ్యి మార్చాలంటే ముందు నన్ను మార్చాలి.” గొంతు తగ్గించాడు. “మార్కుల పట్టిక చూశావా? చేతులు పెట్టే తీరుకి అరవై, నిలబడే తీరుకి ముప్ఫై. గుండు అవతలికి చేరితే పది.”

“గుండు చేరకపోయినా పాసా?”

“తొంభై తక్కువా?”

ఆయనకి చాలా మాటలు నోటిదాకా వచ్చాయి. వాటికంటే ముందు మోకాలు కలుక్కుమంది. సరే సార్ అని కుంటుకుంటూ బయటికొచ్చాడు.

పరీక్ష ఆఫీసు మేడ మీదే పెట్టారు. దానికి లిఫ్టుంది. ఆయన కంటే ముందు నిలబడిన ఒకతను అలవాటు మానుకోలేక ఎడమచేత్తో పట్టుకుని, గుండు సూటిగా అవతలికి కొట్టాడు. ఫెయిలయ్యాడు. ఉండేలు వంతొచ్చింది. ఇరవై ఆరేళ్లలో ఒక్క గుండూ వీధిలో పడేయని మనిషి పదకొండో పేజీలా నిలబడి, కుడిచేత్తో పట్టుకుని, ఎడమ చెవిదాకా లాగి వదిలాడు. గుండు పక్కకి తిరిగి రెండో అంతస్తు బాల్కనీలో పూలకుండీని పగలగొట్టింది. ఆ ఇంటావిడ కిందినుంచి అన్న మాటలకి పట్టికలో గడి లేదు. తొంభై మార్కులతో ఆయనే ఫస్టొచ్చాడు.

తర్వాత జరిగిన సభలో అధికారి మాట్లాడుతూ, ఈ విధానం మన సంస్థని ఉండేలు రాయిలా ముందుకి తీసుకెళ్తుందన్నాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో కుండీ పగలగొట్టినాయన కూడా ఉన్నాడు.

పర్యవేక్షకుడి మొదటి పని కొత్తగా చేరిన ఆరుగురికి శిక్షణ ఇవ్వడం. అది చూసి రిపోర్టు రాయడానికి అధికారి మళ్లీ వచ్చాడు.

“మీరు ఎదుటి మేడ మీద నిలబడండి సార్, మీ పాత చోట్లో,” అన్నాడు పర్యవేక్షకుడు. “అక్కణ్నించే బాగా కనిపిస్తుంది.” అధికారి ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసి, పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లాడు.

పర్యవేక్షకుడు ఆరుగురికీ ఎదురుగా నిలబడ్డాడు. పుస్తకంలో ఎలా ఉందో అలాగే కుడిచేత్తో ఉండేలు పట్టుకున్నాడు. పుస్తకాలు మూసి పక్కన పెట్టమన్నాడు.

“నన్ను చూసి చెయ్యండి. అద్దంలో చూసుకుంటున్నట్టు చెయ్యాలి. నా చెయ్యి ఏ పక్కనుంటే మీ చెయ్యి ఆ పక్కే ఉండాలి. ఎక్కువ ఆలోచించకండి.”

ఆరుగురూ ఎడమచేత్తో పట్టుకున్నారు. ఆయన పక్కకి తప్పుకున్నాక ఒకరి తర్వాత ఒకరు లాగి వదిలారు. ఆరు గుండ్లూ వీధి దాటాయి. అవతల అధికారి పుస్తకం కింద పడేసి, చేతికందిన దారాన్ని అందినట్టు అలవాటుగా చుట్టేసుకున్నాడు. తర్వాత పుస్తకం తీసి, దుమ్ము దులిపి, పదకొండో పేజీ తెరిచి ఎదుటివాళ్ల వైపు చూశాడు. అక్కణ్నించి చూస్తే బొమ్మకీ మనుషులకీ వెంట్రుకవాసి తేడా లేదు. శిక్షణ పూర్తిగా పుస్తకం ప్రకారమే జరిగిందని రాసి సంతకం పెట్టాడు.

ఆ నెలలోనే పర్యవేక్షకుడి సామర్థ్యం కూడా పరీక్షించారు. ఆయన గుండు ఈసారి కుండీ దాకా కూడా వెళ్లలేదు. తొంభై వేశారు.