బావ మోకాళ్లూనిన చోటు

పోయిన నెల నంద్యాలలో నా కుడి మోకాలికి ఆపరేషను చేశారు. దానికి ముందు నర్సమ్మ ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి చేతికిచ్చింది. మూడు గదులు, గదికొక బంతి, పక్కన ఒక గొట్టం. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలట. మన వయసువాళ్లు ఒక బంతి లేపితే గొప్ప, రెండు లేపితే మరీ గొప్ప. నేను పీల్చగానే మూడూ పైకి పోయి అక్కడే నిలిచిపోయాయి. ఆ అమ్మాయి ముచ్చటపడి, "పెద్దాయనా, ఇంత ఊపిరి యాడ దాచిపెట్టినావ్?" అంది. అరవై దాటాక ఒంట్లో ఒక్క భాగమైనా బాగుందని ఎవరైనా చెబితే ఇంటికి పోయి పాయసం వండించుకోవాలి. నేను మాత్రం గొట్టం తీసి పక్కన పెట్టి, తల తిరుగుతోందని అబద్ధం చెప్పి పడుకున్నాను.

నేను ఫుట్‌బాల్ ఆటగాణ్ణి. పేరు చెప్పినా మీరు గుర్తుపట్టరు, కాబట్టి చెప్పను. సెంటర్ ఫార్వర్డుగా పదిహేనేళ్లకు పైగా ఆడాను. జిల్లా లీగులు, చర్చీల క్రిస్మస్ టోర్నమెంట్లు, బెంగుళూరులో రెండో డివిజన్ క్లబ్బు ఒకటి, ఆ తర్వాత బళ్లారి, గుంతకల్లు, అనంతపురం, ఎవరు పిలిస్తే వాళ్ల చొక్కా తొడుక్కుని, బూట్లు సంచిలో వేసుకుని బస్సెక్కేవాణ్ణి. నేను ఆడని ఊరు లేదు, నన్ను గుర్తుపెట్టుకున్న ఊరూ లేదు. అయినా ఒక్క ఏడాది, ఒకే ఒక్క ఏడాది, నంద్యాల చుట్టుపక్కల నేను కనబడితే టీకొట్టువాళ్లు లేచి కుర్చీ వేసేవారు. ఆ ఏడాది గురించే చెప్పాలనుకుంటున్నాను. తియ్యగా చెప్పుకోవలసిన కథే, కానీ మొదలుపెట్టిన ప్రతిసారీ నోరు చేదెక్కుతుంది.

మా నాయన నంద్యాలలో మిషన్ బడి అటెండరు. బడి వెనక మైదానంలో నేను నడక కంటే ముందు తన్నుడు నేర్చుకున్నానని మా అమ్మ ఎగతాళి చేసేది. ఒక క్రిస్మస్ టోర్నమెంటుకు ఆళ్లగడ్డ నుంచి వచ్చిన జట్టులో కుడి వింగులో సన్నగా, పొడుగ్గా ఒకాయన ఆడాడు. గీత వెంబడి పరుగెత్తి, తల కూడా ఎత్తకుండా ఆయన లోపలికి కొట్టిన బంతి, గోల్ ముందు ఎవరో చేత్తో పట్టి పెట్టినట్టు దిగేది. ఆ ఆటలో మేం ఓడిపోయాం. నేను ఏడవడం మానేసి ఆయన వెంటపడ్డాను. మాలాగే చర్చికి పోయే విశ్వాసుల ఇంటివాడేనని తెలిసింది, పెళ్లి కాలేదనీ తెలిసింది. చిన్నబడిలో టీచరుగా చేరిన మా అక్కకు అప్పుడే సంబంధాలు చూస్తున్నారు. ఆరు నెలలు నాయన చెవిలో జోరీగలా తిరిగి ఆ సంబంధం కుదిర్చింది నేనే. బంతి బాగా ఇస్తాడని అక్కను ఇప్పించిన తమ్ముణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. పెళ్లయ్యాక బావ నంద్యాల జట్టులోకి వచ్చేశాడు. అక్క ఆళ్లగడ్డకు పోయింది.

నా ఆట సంగతి నిజం చెప్పాలంటే, నాకు రెండే రెండు పనులు వచ్చు: బంతి ఎక్కడ దిగుతుందో అక్కడికి చేరడం, తలతోనో కాలితోనో దాన్ని లోపలికి నెట్టడం. మిగతాదంతా బావే చేసేవాడు. ఆయన భుజం వంగిన తీరు చూసి నేను పరుగు మొదలుపెట్టేవాణ్ణి. జనం మాత్రం గోలు కొట్టినవాణ్ణే భుజాల మీద ఎత్తుకుంటారు కదా. నేను పైనుంచి చూస్తే బావ కింద నవ్వుతూ, బూటు లేసులు విప్పుకుంటూ ఉండేవాడు.

ఆయన పని ఆళ్లగడ్డలో విగ్రహాల షెడ్డులో. ముఖాలు, చేతివేళ్లు, నగలు చెక్కేది పెద్ద పనివాళ్లు. బావది ముందు పని. బండను మిషనుతో కోసి, మోటుగా ఆకారం తేల్చి, చివర్లో మళ్లీ అరగదీసే పని. దేవుళ్ల బొమ్మలు చేసేవాడికి పిల్లనెలా ఇచ్చావని చర్చిలో పెద్దలు నాయనను సన్నగా దెప్పేవారు. రాయి రాయే, అన్నం అన్నమే అనేవాడు నాయన. వాళ్లు బావ ఆత్మ గురించి భయపడ్డారు. షెడ్డులో మిషను తిరిగితే ఎదుటి మనిషి కనబడనంత తెల్లటి పొడి లేచేది. దాన్ని గురించి ఎవరూ భయపడలేదు. పని దిగాక అందరూ తలొక బెల్లం ముక్క నోట్లో వేసుకునేవారు. గొంతులో దుమ్మును బెల్లం కడుపులోకి దింపేస్తుందని అక్కడివాళ్ల నమ్మకం. నేను పోయినప్పుడల్లా నాకూ ఒక ముక్క పెట్టేవారు, ఇష్టంగా తినేవాణ్ణి.

పెళ్లయిన మూడో ఏడు దగ్గు మొదలైంది. మొదట పొడిదగ్గు. తర్వాత ప్రాక్టీసులో రెండు పరుగులు తీసి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడిపోవడం. అప్పుడు ఆయన కనురెప్పల మీద తెల్లటి పొడి చెమటకు తడిసి సున్నం గీసినట్టు కనబడేది. ఆయన చొక్కాలు నానబెడితే నీళ్లు బియ్యం కడుగులా తెల్లబడుతున్నాయని అక్క అమ్మతో చెప్పింది. బరువు తగ్గాడు. పెళ్లికి పెట్టిన ఉంగరం వేలి నుంచి జారిపోతోందని దారం చుట్టుకున్నాడు. పెళ్లయి ఆటలో బద్ధకం పెరిగిందని జట్టులో వేళాకోళం చేశారు, అందరితో పాటు నేనూ నవ్వాను. ఒక రోజు అక్క నంద్యాలకు వచ్చి, ఆయన్ని ఇక ఆటకు పిలవొద్దని నాతో గట్టిగానే చెప్పింది. సరేనన్నాను. ఆ సరే పదిరోజులు కూడా నిలవలేదు.

ఎందుకంటే బెంగుళూరు నుంచి ఒక పెద్దమనిషి మా టోర్నమెంటు ఫైనలుకు వస్తున్నాడని తెలిసింది. ఆయనకు అక్కడ రెండో డివిజన్‌లో ఒక క్లబ్బు ఉంది, తనదే ఒక ఫ్యాక్టరీ కూడా ఉంది. నచ్చిన ఆటగాణ్ణి క్లబ్బులో చేర్చుకుని ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇస్తాడట. నాయన రిటైరు కావడానికి ఏడాది కూడా లేదు, నేను డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్నాను. ఆ రోజు గోలు కొడితే బతుకు ఒడ్డున పడుతుంది, లేకపోతే లేదు. బావ బంతి ఇవ్వకపోతే నేను గోలు కొట్టలేనని నాకొక్కడికే తెలుసు. అందుకని ఫైనలు రోజు పొద్దున్నే మొదటి బస్సుకు ఆళ్లగడ్డ పోయాను. అక్క కోప్పడుతుందని భయపడుతూ పోయినవాణ్ణి, ఆమె ఏమీ అనకపోయేసరికి ఆశ్చర్యపోయాను. బావ బూట్లు తుడిచి సంచిలో పెట్టి, ఫ్లాస్కులో వేడినీళ్లు పోసిచ్చింది. నా ముఖంలోకి చూడలేదు. ఆయనకు నయమైంది కాబోలనుకున్నాను, అనుకోవడం నాకు సులువు కదా.

శిరివెళ్ల దాటాక బస్సులో బావ నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "బామ్మర్దీ, ఈ పొద్దు నా వల్ల కాదురా. పండుకుంటే ఊపిరి ఆడటం ల్యా. నన్ను బయట కూసోబెట్టి ఇంకొకర్ని ఆడించుకోండి" అన్నాడు. ఆయన నన్నేదైనా అడగడం అదే మొదలు. నేను కిటికీలోంచి చూస్తూ, "ఈ ఒక్క పొద్దు ఓర్చుకో బావా. ఉద్యోగమొస్తే నిన్ను గూడా ఆ రాళ్లకాడి నుంచి ఇడిపిస్తా" అన్నాను. ఆయన చెయ్యి కాసేపు అక్కడే ఉంచి, మెల్లగా తీసేశాడు. మిగతా దారంతా ఆ ఊపిరి చప్పుడు నా పక్కనే వినబడుతూ వచ్చింది, చిల్లు పడిన కొలిమితిత్తిలా. ఎవరైనా వింటారేమోనని నేను అవసరం లేకపోయినా గట్టిగా కబుర్లు చెబుతూ కూర్చున్నాను.

సాయంత్రం నాలుగింటికి ఆట. అవతల ప్రొద్దుటూరు జట్టు. మొదటి సగంలో బావ గీత పక్కన నిలబడ్డాడే తప్ప కదల్లేదు. "ఏందీ, పెండ్లిలో పెద్దమనిషి మాదిరి నడుస్తాండాడు!" అని జనంలోంచి ఎవరో అరిస్తే మైదానమంతా నవ్వింది. విరామంలో ఆయన చెట్టుకు ఆనుకుని కూర్చుంటే నేను జేబులోంచి బెల్లం ముక్క తీసి నోటికి అందించాను. అవును, ఇంటి నుంచి పొట్లం కట్టి తీసుకుపోయాను. తింటే దుమ్ము దిగిపోతుందనీ, రెండో సగంలో పరుగెత్తుతాడనీ నిజంగా నమ్మాను. ఆయన నమిలాడు కానీ మింగలేక పక్కకు ఉమ్మేశాడు. ఆయన పెదవులు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి. అది చూసి కూడా లేపి నిలబెట్టాను.

ఆట ఇంకో పది నిమిషాల్లో ముగుస్తుందనగా బంతి కుడి గీత దగ్గర బావ కాళ్లకు దొరికింది. ఆయన భుజం వంగింది. ఆ వంపు చూడగానే నేను అన్నీ మరిచిపోయాను. ఆయన కార్నర్ జెండా దాకా పరుగెత్తాడు, పెళ్లికాని రోజుల్లో పరుగెత్తినట్టే పరుగెత్తాడు, తల ఎత్తకుండా కొట్టాడు. బంతి నా నుదుటి మీదికే వచ్చింది. వల కదిలింది. గోలు కొడితే ముందు బంతి ఇచ్చినవాడి దగ్గరికి పోవాలనేది మా జట్టు అలవాటు. నేను మాత్రం షామియానా కింద కూర్చున్న బెంగుళూరు పెద్దమనిషి వైపు పరుగెత్తాను. ఆయన లేచి చప్పట్లు కొట్టాడు. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, జెండా దగ్గర బావ మోకాళ్ల మీద ఉన్నాడు, నుదురు నేలకు ఆనించి, రెండు చేతులూ చాపి.

చర్చివాళ్లంతా ఒక పక్కన కూర్చున్నారు. దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటున్నాడని ఎవరో "స్తోత్రం!" అన్నారు, మిగతావాళ్లు అందుకున్నారు. పాస్టరయ్య కళ్లు తుడుచుకున్నాడు. బావ భుజాలు ఎగసి పడుతుంటే ఆనందంతో ఏడుస్తున్నాడనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆయనకు గాలి అందడం లేదని రెఫరీ దగ్గరికి పోయి వంగి చూసేదాకా ఎవరికీ తట్టలేదు.

ఉద్యోగం వచ్చింది. బెంగుళూరులో మొదటి ఏడాదే వాళ్లకు నా సంగతి అర్థమైంది. అక్కడ కుడివైపు నుంచి బంతులు వచ్చేవి, నేను ఉన్న చోటికి మాత్రం రాలేదు. రెండో ఏడు చివర్లో క్లబ్బులోంచీ, ఫ్యాక్టరీలోంచీ కూడా పంపించేశారు. అక్కడి నుంచే నా ఊరూరి తిరుగుడు మొదలైంది. ఈలోగా బావకు క్షయ అని నెలల తరబడి మాత్రలిచ్చారు. అవి పని చేయక కర్నూలు తీసుకుపోతే, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పేరుకుందని, దానికి మందు లేదని చెప్పారు. నడిచే మనిషి కూర్చున్నాడు, కూర్చున్న మనిషి దిండ్లకు ఆనుకున్నాడు. నేను చివరిసారి చూసినప్పుడు ఆయన ఒక్కొక్క మాటకూ ఊపిరి కూడదీసుకుంటూ, బెంగుళూరులో కుడి వింగు ఎవరు ఆడుతున్నాడని అడిగాడు. అప్పటికి నన్ను క్లబ్బు వదిలేసి నెలైంది. బాగా ఆడతాడు బావా, కానీ నీ అంత కాదు అన్నాను. సంతోషపడ్డాడు. ఆ వారమే పోయాడు.

ఆ ఫైనలు మాత్రం మా సంఘంలో సాక్ష్యమైపోయింది. గెలిచిన ఘడియలో దేవుణ్ణి మరవని మనిషి అని మా బావ గురించి ఇప్పటికీ ప్రసంగాల్లో చెబుతారు. నేను బల్ల మీద తల వంచుకుని కూర్చుంటాను. ఆ రోజు ప్రస్తావన తెచ్చినప్పుడల్లా అక్క మాట మార్చేసేది, నా మీద దయతో అలా చేస్తోందని అనుకునేవాణ్ణి.

ఆపరేషనుకు ముందురోజు సాయంత్రం అక్క పెరుగన్నం పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. మత్తు ఇచ్చాక లేస్తానో లేదోనన్న పిరికితనం కొంత, ఆ మూడు బంతులు కొంత, నా చేత చెప్పించాయి. శిరివెళ్ల దాటాక బావ ఏమన్నాడో, నేనేమన్నానో మాట పొల్లు పోకుండా చెప్పాను. ఆమె గిన్నె మూత పెట్టింది.

"నువ్వొక్కనివే అనుకుంటాండావా?" అంది. "ఆటకు వారం ముందు ఈడికే పిల్చుకొచ్చి రొమ్ముకు ఎక్స్‌రే ఫోటో తీయించినా. డాక్టరు నన్ను పక్కకు పిల్చి, ఈయన పరిగెత్తకూడదమ్మా, రాయి పని మాన్పించి తొందరగా కర్నూలుకు పిల్చుకపోండి అన్నాడు. ఆట అయినాక చెప్దాంలే అనుకుంటి. నీకు ఉద్యోగం రావల్లని. మీ బావకు గూడా చెప్పల్యా." ఆ ఫోటో ఇప్పటికీ ట్రంకుపెట్టె అడుగున చీరల కింద ఉందట. పారేయడానికి చేతులు రాలేదట, చూడటానికీ రాలేదట.

ఇప్పుడు ఆళ్లగడ్డ షెడ్లలో కొన్నిచోట్ల కోత మిషన్ల మీద నీళ్లు పడేలా పైపులు పెట్టారు, కొందరు ముక్కుకు మాస్కు కట్టుకుంటున్నారు, రెండు వారాలు దగ్గితే ఆసుపత్రికి పొమ్మని చెప్పేవాళ్లున్నారు. ఆ రోజుల్లో ఇవేవీ లేవు, మనకేమీ తెలియదు, అందుకే అట్లా జరిగిపోయింది అని మన తరంవాళ్లం నలుగురం కలిస్తే చెప్పుకుంటాం. ఎన్ని చావుల గురించో ఆ మాటే చెప్పుకుని ఇళ్లకు పోతాం. నేనూ దాదాపు నలభై ఏళ్లు అదే చెప్పాను. మా ఇంట్లో మాత్రం ఫోటో ఉండింది, పరుగెత్తకూడదని చెప్పిన డాక్టరు ఉన్నాడు, పరుగెత్తలేనని చెప్పిన మనిషి కూడా ఉన్నాడు. తెలియక కాదు. మేమిద్దరం ఆయన్ని ఎంతో ప్రేమించినవాళ్లం, ఆ ఒక్క రోజుకు తెలియనట్టు ఉన్నాం.